మేమిద్దరం తోలిన కప్పల్

ఆ కంప్యూటర్ మా ఇంటికి పసుపుపచ్చ గుడ్డసంచిలో వచ్చింది. బట్టల కొట్లో చీర కొంటే ఇస్తారే, ఆ సంచి. తెచ్చినాయన హోసూరులో ఒక ఫ్యాక్టరీలో ఇంజినీరు. మాకు రెండు వీధుల అవతల వాళ్ల అమ్మానాన్నలు ఉండేవాళ్లు. సెలవుకు వచ్చి, దాన్ని ఇంట్లో టీవీకి తగిలించి కరెంటు పెట్టాడట. వోల్టేజి ఒక్కసారిగా ఎగిసి, దానికి కరెంటు అందించే చిన్న నల్ల డబ్బాలోంచి పొగ వచ్చిందట. తమిళదేశంలోని మా ధర్మపురిలో అలాంటి వస్తువు మూత విప్పే ధైర్యం ఉన్నవాడు ఆ రోజుల్లో మా అన్న ఒక్కడే.

మా ఇంటి ముందుగది అన్న రేడియో, టీవీ రిపేరు దుకాణం. మేడ మీద టైపు ఇన్‌స్టిట్యూట్. నాన్న ఏడు మిషన్లతో పెట్టిన ఆ ఇన్‌స్టిట్యూట్‌ని ఆయన పోయిన తర్వాత నేను నడిపేదాన్ని. అప్పుడు నాకు ఇరవై రెండేళ్లు. పొద్దున ఆరు నుంచి పది వరకు ఒక బ్యాచి, సాయంత్రం నాలుగు నుంచి ఎనిమిది వరకు ఇంకొకటి. నడుమ ఆరు గంటలు ఖాళీ. ఆ ఖాళీలోనే నేను చెప్పబోయేదంతా జరిగింది.

ఇంట్లో మూడో మనిషి మా వదిన. అన్నను చేసుకుని వచ్చి అప్పటికి రెండేళ్లు. వాళ్లది హరూర్ దాటి పోవాల్సిన పల్లె. తమిళ బళ్లో ఐదో తరగతి వరకు చదివింది. నేను ఇంగ్లీషు టైపులో లోయరు, హయ్యరు రెండూ ఫస్టు క్లాసులో పాసైనదాన్ని. ఆ గర్వం నాకు ఉండేది, దాచుకోవడం ఎందుకు? ఆమెతో నేను పోట్లాడింది లేదు, మాట్లాడిందీ లేదు. నీళ్లు వచ్చినాయా, పాలవాడు వచ్చినాడా, అంతే. ఒకే ఇంట్లో రెండేళ్లు అలా గడిచిపోయాయంటే ఇప్పుడు నాకే నమ్మశక్యంగా లేదు.

ఇంజినీరు ఆ సంచిని అన్న బల్ల మీద పెట్టి, తనను రెండు నెలలు ట్రైనింగుకు ఉత్తరాదికి పంపుతున్నారని చెప్పాడు. బాగైన తర్వాత ఊరికే మూలన పెట్టవద్దని, రోజూ కాసేపు టేపులు వేసి నడిపించి చూస్తూ ఉండమని కోరాడు. ఆ ఒక్క మాట మాకు వరమైంది.

అన్న బెంగళూరు వెళ్లి సామాన్లు తెచ్చి పదిరోజుల్లో ఆ నల్ల డబ్బాను బాగుచేశాడు. కంప్యూటర్ అంటే నేను బీరువా అంత ఉంటుందనుకున్నాను. ఇది నా అరచేతులు రెండూ పక్కపక్కన పెడితే కప్పేంత ఉంది. రబ్బరు బటన్లు, నొక్కితే మెత్తగా దిగేవి. వాటి మీద అక్షరాలు నా టైపు మిషన్ మీద ఎక్కడుంటాయో అక్కడే ఉన్నాయి. అది చూడగానే నాకు ఒళ్లు జల్లుమంది. ఎక్కడో సముద్రాల అవతల తయారైన వస్తువులో నా వేళ్లకు తెలిసిన దారులు ఉన్నాయి.

సంచిలో ఐదు క్యాసెట్లు ఉన్నాయి. నాలుగు లెక్కలవి, పాఠాలవి. ఐదోదాని అట్టమీద నల్లటి ఆకాశం, దూసుకుపోతున్న ఒక ఓడ. దానితోపాటు ఇరవై పేజీల చిన్న పుస్తకం. అన్న ఆ టేపును రికార్డరులో పెట్టి తీగ తగిలించాడు. గీమని ఒక అరుపు మొదలైంది; టేపులోని ఆట ఆ అరుపుగానే కంప్యూటర్‌లోకి ఎక్కుతుందట. టీవీ అంచుల్లో చారలు పరుగెత్తాయి. ఆరు నిమిషాలు ఊపిరి బిగబట్టి చూశాం. చివరకు తెర తెల్లబడి, మొదటికి వచ్చింది. మళ్లీ పెట్టాం. మళ్లీ అంతే. నాలుగోసారికి అన్న సన్న స్క్రూడ్రైవరు తీసి రికార్డరులో టేపు తాకే హెడ్డు పక్కనున్న మరను తిప్పడం మొదలుపెట్టాడు.

వదిన వెనక వరండాలో చింతపండు గింజలు తీస్తూ కూర్చుంది. మాఘం దాటితే మా ఊళ్లో ప్రతి ఇంట్లోనూ అదే పని. అక్కడినుంచే అన్నది:

"ఇంతకు ముందర అరుపు సన్నగా వచ్చె, ఇప్పుడు మొద్దుబారింది. మళ్లా వెనక్కి తిప్పండి."

అన్న వెనక్కి తిప్పాడు. "ఇంకొంచెం" అంది ఆమె. "ఆఁ, అక్కడ ఆపండి."

ఆరు నిమిషాల తర్వాత తెర మొత్తం నల్లబడింది. ఆ నలుపులోంచి చుక్కలు ఒకటొకటిగా పుట్టి మా వైపు రాసాగాయి. నడిమధ్య నుంచి బయలుదేరి, అంచులకు వచ్చేసరికి వేగం పెంచి, మా చెవుల పక్కనుంచి వెళ్లిపోతున్నట్టు మాయమయ్యాయి. నేను నిజంగానే తల పక్కకు తీశాను. గదిలో ఉన్న కుర్చీ, బల్ల, విప్పేసిన రేడియోలు అన్నీ ముందుకు కదులుతున్నట్టనిపించింది. వదిన చింతపండు చేతులతోనే గుమ్మంలోకి వచ్చి నిలబడింది.

ఆట ఇదీ. ఆకాశమంతా అడ్డం ఎనిమిది, నిలువు ఎనిమిది గళ్ల మ్యాపు. ఎం నొక్కితే ఆ మ్యాపు తెర మీదికి వస్తుంది. గళ్లలో మన బేసులు, అంటే స్థావరాలు, నాలుగు, మిగతా చోట్ల శత్రువుల గుంపులు. నిమిషానికో గడి చొప్పున వాళ్లు జరుగుతూ ఉంటారు. మన బేసుకు నాలుగు పక్కలా చేరారంటే కొద్దిసేపట్లో అది పేలిపోతుంది. మనం జె నొక్కి ఒక గడి నుంచి ఇంకో గడికి దూకాలి, అక్కడ వాళ్లతో పోరాడాలి. దూకినప్పుడల్లా, కాల్చినప్పుడల్లా శక్తి తగ్గుతుంది. ఏదో ఒక బేసు దగ్గర ఓడను కదలకుండా నిలిపితే శక్తి మళ్లీ నిండుతుంది. నాలుగు బేసులూ పోతే మనం ఓడినట్టు. శత్రువులందరూ పోతే గెలిచినట్టు. ఎలా ముగిసినా చివర మన పనితనాన్ని బట్టి ఒక పదవి ఇస్తుంది.

మొదటి ఆటలో నేను మూడు నిమిషాలు బతికాను. తెర మీద వచ్చిన ఇంగ్లీషు వాక్యం చదివి నవ్వేశాను. ఏమి రాసిందని వదిన అడిగింది. "నన్ను కప్పల్లో వంటమనిషిగా పెట్టుకుంటుందంట" అన్నాను. మా ఇంటి తెలుగులో ఓడకు తమిళ మాటే, కప్పల్. తెలుగుదేశం నుంచి వచ్చిన చుట్టాలు ఆ మాట వింటే కప్పలేమిటని నవ్వేవాళ్లు.

వదిన ముఖం మార్చకుండా అంది: "వంట అంత సులభమా? ఒక పూట వచ్చి నా పొయ్యి ముందర కూర్చోమను దాన్ని."

రెండేళ్లలో ఆమె మాటకు నేను నవ్వడం అదే మొదటిసారి.

మరునాటి నుంచి పది గంటలకు ఇన్‌స్టిట్యూట్ తాళం వేయడం, మెట్లు రెండేసి దిగడం, టీవీ ముందు కూర్చోవడం. నా చేతులకు ఆ ఆట అతికినట్టు అమరింది. ఎడమకు ఓ, కుడికి పి, పైకి క్యూ, కిందికి ఎ, కాల్చడానికి పొడుగు బటను. అందరూ బటన్లు చూసుకుంటూ నొక్కుతారు. నేను చూడను. టైపు నేర్చుకునేవాళ్లు ఎడమ చిటికెన వేలితో నానా అవస్థ పడతారు. నేను వాళ్లను ఆ వేలితోనే పేజీలు పేజీలు కొట్టించేదాన్ని. ఇక్కడ ఓడను పైకీ కిందికీ తిప్పేది ఆ వేలే. శత్రువు ఓడ గీతలతో చేసిన గాలిపటంలా దూరంగా కనబడి, గిరుక్కున తిరిగి, తెరంత పెద్దదై మీదికి వచ్చేది. నా వేలు నాకంటే ముందే కదిలేది. కాల్చితే ఆ గీతలన్నీ విడిపోయి చుక్కల్లోకి చెదిరిపోయేవి. ప్రతిసారీ నా గుండె ఒక గంతు వేసేది.

వారంరోజుల్లో ఎదురు వచ్చిన ఏ ఓడనూ వదలకుండా కొట్టడం వచ్చేసింది. అయినా ప్రతి ఆటా ఓడిపోయేదాన్ని. ఒక గుంపును తుడిచిపెట్టేలోపల ఇంకోచోట బేసు పేలిపోయేది. పుస్తకం మొత్తం చదివాను. అందులో గెలిచే కిటుకు లేదు.

వదిన చింతపండు చాపతో సహా ముందుగదికి మారింది. గింజలు తీస్తూ చూసేది. ఒకరోజు నేను మ్యాపు తెరిచి ఉండగా అంది:

"పాపా, వాండ్లందర్నీ ఎందుకు కొడతావు? ఆ మూలన ఉండే గుంపు మనల్ని ఏమి చేస్తా ఉంది? దాన్ని విడిచిపెట్టు."

నేను అప్పటికి వరసగా నాలుగు ఆటలు ఓడి ఉన్నాను. తెర నుంచి కళ్లు తిప్పకుండా అన్నాను: "నీకు ఇంగ్లీషే తెలీదు. ఈ మ్యాపు ఏమి తెలుస్తుంది వదినా?"

ఆమె చాప చుట్టుకుని వెనక వరండాకు పోయింది. ఆ రోజు, మరునాడు, ఆ మరునాడు ముందుగదికి రాలేదు. భోజనం వడ్డించింది, నీళ్లు పెట్టింది, అడిగితే జవాబు చెప్పింది. నేను ఆడుతూనే ఉన్నాను, ఓడుతూనే ఉన్నాను. వెనక ఎవరూ లేని గదిలో ఆ శబ్దాలు వట్టి శబ్దాలుగా ఉన్నాయి.

మూడో రోజు ఎండ వేళ నీళ్లకని వెనక్కి వెళ్లాను. వరండా బండల మీద సుద్దముక్కతో పులి-మేక గీసి ఉంది. వదిన ఒక్కతే రెండు పక్కలా ఆడుకుంటోంది. చింతగింజలు మేకలు, మూడు గులకరాళ్లు పులులు. మా ప్రాంతంలో ఈ ఆట తెలియనివాళ్లు లేరు. కానీ ఆమె ఆడే వేగం నేనెక్కడా చూడలేదు. ఒక గింజ జరిపింది, రెండోది జరిపింది, ఐదారు ఎత్తుల్లో పులికి కదిలే దారి లేకుండా పోయింది. నేను నీళ్లచెంబు పట్టుకుని అక్కడే నిలబడిపోయాను. పులి చుట్టూ గింజలు. బేసు చుట్టూ గుంపులు. నాలుగు పక్కలా.

ఆమె పక్కన కూర్చున్నాను. "ఆ దినం అట్ల అనకూడదు నేను. తప్పు నాది" అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినబడింది. "నాకు కొట్టేదానికి వస్తుంది వదినా. ఎక్కడికి పోవాలో తెలీలేదు. నువ్వు చెప్పు."

ఆమె గింజలు పోగుచేసింది. తర్వాత ఒక గులకరాయి తీసి నడుమ పెట్టింది.

"ఇది మన బేసు అనుకో. నాలుగు పక్కలా కట్టేస్తేనే కదా చచ్చేది. మూడు పక్కల కట్టినా దానికి ఏమీ కాదు. నువ్వు పోయి నాలుగు గుంపుల్నీ కొడతా ఉండావు. అంతలో పక్క బేసు పోతుంది. ఒక్క పక్క తెరిచిపెట్టు, చాలు. తెరిచి సీక్రం ఇంకోదానికి పో. వాండ్లు మళ్లా వచ్చి కట్టేదానికి ఎంతసేపు పడుతుంది, ఆ టైము మనది."

నేను ఆమె చెయ్యి పట్టుకుని లేపి ముందుగదికి లాక్కుపోయాను. చేతులు కడుక్కుంటానన్నా వినలేదు.

ఆ మధ్యాహ్నం మొదటిసారి మాకు వంటపని తప్పి తుపాకి పని వచ్చింది. అంటే గన్నరు అనే పదవి. ఇద్దరం అరుచుకున్న అరుపుకు అన్న టంకం కడ్డీ కింద పెట్టి వచ్చాడు.

ఇక అక్కడినుంచి పని రెండుగా పంచుకున్నాం. తోలేది నేను, దారి వదినది. మ్యాపు తెర మీద ఉన్న కొన్ని క్షణాల్లోనే ఆమె మొత్తం చూసేసేది. గళ్లకు నంబర్లు ఉన్నాయి కానీ ఆమెకు వాటితో పని లేదు. బేసులకు ఊళ్ల పేర్లు పెట్టింది. ఎడమ చివరది హొగేనక్కల్, తర్వాతది ధర్మపురి, తర్వాత మొరప్పూర్, కుడి చివరది హరూర్. మా బస్సు రూటే. "మొరప్పూర్‌కు మూడు పక్కల వచ్చేసినారు, మేలు పక్క తెరువు" అనేది. నేను పై గడికి దూకేదాన్ని. "హొగేనక్కల్‌కు ఇంకా టైము ఉంది, ముందు శక్తి నింపుకో" అనేది. నేను బేసు పక్కన ఓడను నిలిపేదాన్ని. నేను పోరాడుతుంటే ఆమె తెర వైపు చూసేదే కాదు. కళ్లు మూసుకుని, ఇప్పుడు ఏ గుంపు ఎక్కడికి జరిగి ఉంటుందో వేళ్ల మీద లెక్క పెట్టుకునేది. మళ్లీ మ్యాపు తెరిస్తే చాలాసార్లు ఆమె చెప్పిన చోటే ఉండేవి.

పుస్తకంలో ఉన్నదంతా నేను ఆమెకు తెలుగులో చెప్పాను. చెబుతుంటే ఆమె అడిగిన ప్రశ్నలకు నా దగ్గర జవాబు లేక పుస్తకం మళ్లీ తెరవాల్సి వచ్చేది. ఒకసారి కాల్చడం మీద చదివి చెప్పాను, ఓడకు రక్షగా ఉండే కవచం తీసేసి కాల్చితే శక్తి తక్కువ ఖర్చవుతుందని. "అట్లయితే దూరంగా ఉండేవాండ్లను కొట్టేటప్పుడు కవచం ఎందుకు?" అంది. నేను దాన్ని పదిసార్లు చదివి ఉంటాను, ఆ సంగతి తట్టలేదు. మ్యాపుకు ఎం, దూకడానికి జె, కవచానికి ఎస్. ఆ మూడు అక్షరాలూ ఆమెకు వచ్చేశాయి. నా చేతులు ఖాళీ లేనప్పుడు ఎస్ ఆమే నొక్కేది.

సంగతి ఊళ్లోకి పాకింది. టైపు నేర్చుకునే ఆడపిల్లలు పది గంటలకు ఇంటికి పోకుండా దుకాణంలో నిలబడటం మొదలుపెట్టారు. ఎదురింటి టైలరు, పక్కింటి ఇద్దరు అక్కలు, బ్యాంకులో పనిచేసే ఒక పెద్దాయన వచ్చేవాళ్లు. రిపేరుకిచ్చిన రేడియో కోసం వచ్చినవాళ్లు రేడియో మరిచి నిలబడేవాళ్లు. వాళ్లలో చాలామంది తమిళంవాళ్లు. మేం తెలుగులో అరిచేది వాళ్లకు అర్థం కాకపోయినా హరూర్, మొరప్పూర్ అన్న పేర్లు వింటే చాలు, ఏమి జరుగుతోందో తెలిసిపోయేది. ఒకరోజు టైలరు ధర్మపురి పేలిపోయిందని వీధిలో గట్టిగా చెప్పాడు. బస్టాండు పక్కనుంచి ఒకాయన పరుగున వచ్చాడు.

పదవులు ఒకటొకటిగా పెరిగాయి. లెఫ్టినెంటు, కెప్టెన్ దాకా వచ్చాం. పుస్తకం చివర పేజీలో అన్నిటికంటే పైన స్టార్ కమాండర్ అని ఉంది. అది మాకు చిక్కలేదు. రెండు నెలలు అయిపోవచ్చాయి.

ఒక ఆదివారం పొద్దున పదకొండు గంటలకు ఇంజినీరు వచ్చాడు. భార్య, చంకలో పిల్ల. మధ్యాహ్నం మూడు గంటల బస్సుకు హోసూరు పోవాలని, సంచి తీసుకుపోతానని చెప్పాడు. వదిన వంటింటి గుమ్మంలో నిలబడి నా వైపు చూసింది. అన్న సంగతి గ్రహించి, టెస్టు చేసి చూపిస్తానని చెప్పి టేపు పెట్టాడు.

ముందు ఇంజినీరే కూర్చున్నాడు. పది నిమిషాల్లో మూడు బేసులు పోయాయి. తనకు ఎప్పుడూ గన్నరు దాటి రాలేదని, ఈ ఆట గెలిచేది కాదని తన స్నేహితులందరూ అంటారని నవ్వుతూ చెప్పాడు. అన్న ఊరుకోలేదు. మా వాళ్లు కెప్టెన్ దాకా పోయినారని చెప్పాడు. ఎవరు ఆడేదని ఆయన అడిగాడు. ఇద్దరూ అని అన్న మా వైపు చూపించాడు. ఆయన లేచి కుర్చీ జరిపాడు.

అప్పటికే గుమ్మం నిండిపోయింది. నేను కూర్చున్నాను. వదిన నా ఎడమ పక్కన స్టూలు వేసుకుంది. చేతులు చీరకొంగుకు తుడుచుకుని "కానీ" అంది.

ఆటలో అన్నిటికంటే కష్టమైన మెట్టు ఎంచుకున్నాను. మొదటి ఇరవై నిమిషాలు మాకు తెలిసిన దారిలోనే నడిచింది. ఒక్క పక్క తెరవడం, దూకడం, ఇంకోచోట తెరవడం. శత్రువు గుంపులు సగానికి తగ్గాయి. అప్పుడు మ్యాపు తెరిస్తే రెండు చివరల్లో రెండు బేసులకు నాలుగు పక్కలా కమ్ముకుని ఉన్నారు. హొగేనక్కల్ ఒకటి, హరూర్ ఒకటి. నా దగ్గర ఒక్క దూకుకు సరిపడా శక్తి. కవచం దెబ్బతిని మిణుకుమిణుకుమంటోంది.

"ఎక్కడికి వదినా?" అన్నాను.

ఆమె కళ్లు మూసుకుంది. గదిలో పిల్ల ఏడుపు కూడా ఆగినట్టుంది. పక్కింటి అక్క వెనకనుంచి, హరూర్ నీ పుట్టిల్లు, దాన్ని కాపాడు అంది. వదిన కళ్లు తెరిచింది.

"రెండింటికీ పోవద్దు. ధర్మపురికి పోయి శక్తి నింపుకో."

"అట్లయితే రెండూ పోతాయి."

"హరూర్ పోతుంది. హొగేనక్కల్ దగ్గర వాండ్లు ఇప్పుడే చేరినారు, ఇంకా టైము ఉంది. హరూర్ మీద పడినవాండ్లు అంతా ఆ గడి చుట్టూనే నిలుస్తారు. మనం నిండుగా వస్తే ఒకే చోట చిక్కుతారు. పో పాపా."

జె నొక్కాను. చుక్కలు గీతలై సాగాయి. ధర్మపురి బేసు గుండ్రంగా ఎదుట లేచింది. దాన్ని నడిమధ్య పెట్టి ఓడను నిలపడం అన్నిటికంటే కష్టమైన పని. ఒక చుక్క అటు పోయినా మళ్లీ మొదలు. ఎడమ చిటికెన వేలిని ఆనించీ ఆనించకుండా పెట్టాను. నిలిచింది. అంకెలు పెరగసాగాయి. అప్పుడే హరూర్ పోయిందని తెర మెరిసి చెప్పింది. వెనక ఎవరో అయ్యో అన్నారు. వదిన కదలలేదు.

ఆ సమయంలో టీవీ బొమ్మ కుంచించుకుపోయింది. నాలుగు పక్కలా నల్లటి అంచు వచ్చి, ఆకాశమంతా పోస్టుకార్డంత అయింది. వోల్టేజి పడిపోతోంది. ఇంజినీరు ఇక ఆపేద్దామా అన్నాడు. అన్న స్టెబిలైజరు ముందు గొంతుక్కూర్చున్నాడు. దాని పిడిని వేళ్లతో పట్టుకుని, ముల్లు చూసుకుంటూ వెంట్రుకవాసి వెంట్రుకవాసిగా తిప్పాడు. బొమ్మ మెల్లగా పెరిగింది. మళ్లీ తగ్గింది. మళ్లీ తిప్పాడు. ఆట అయ్యేదాకా అన్న అక్కడినుంచి లేవలేదు.

హొగేనక్కల్‌కు దూకాం. దిగగానే ముగ్గురు. ఒకడిని ఎదురుగా కొట్టాను, ఒకడు నా వెనక్కి పోయాడు. వదిన వేలు ఎస్ మీద పడింది, కవచం లేచింది, అదే క్షణాన దెబ్బ తగిలి తెర తెల్లగా మెరిసింది. బతికాం. తిరిగి కొట్టాను. "తెరుచుకుంది, చాలు, హరూర్‌కు పో" అంది. ముగ్గురిలో ఒకడు మిగిలే ఉన్నాడు. గుంపు చెదిరితే ఆ పక్క మూసినట్టు కాదు, అయినా నా చేతులు వాణ్ణి కొట్టాలని లాగుతున్నాయి. ఒక నెల కిందటైతే కొట్టేదాన్ని. జె నొక్కాను.

హరూర్ చుట్టూ ఆమె చెప్పినట్టే అందరూ ఉన్నారు. ఆ తర్వాత నాకు వివరంగా జ్ఞాపకం లేదు. వేళ్లు ఆడుతూ ఉండటం, "ఎడమ గడిలో వాండ్లు ఉండారు, కింద గడిలో ఉండారు" అని వదిన గొంతు ఒకే స్థాయిలో వినబడటం, చెదిరిపోతున్న గీతలు, నా మెడ మీదినుంచి కారుతున్న చెమట. ఒక గుంపు, ఇంకో గుంపు, మరొకటి. హొగేనక్కల్ విడిచి తక్కిన బేసుల మీదికి బయలుదేరిన మూడు గుంపులు కూడా దారిలోనే చిక్కాయి. చివరకు మ్యాపు తెరిస్తే హొగేనక్కల్ దగ్గర వదిలేసి వచ్చిన ఆ ఒక్కడు మాత్రమే ఉన్నాడు.

"ఇప్పుడు పోయి కొట్టు వాణ్ణి" అంది వదిన.

కొట్టాను.

తెర నల్లబడి, కాసేపు అలాగే ఉండి, ఒక్కొక్క అక్షరంగా రాసింది. నేను చదవలేకపోయాను, కళ్లలో నీళ్లు. ఇంజినీరు పైకి చదివాడు, స్టార్ కమాండర్ అని. గది మొత్తం ఒక్కసారి హోరుమంది. టైపు పిల్లలు చప్పట్లు కొట్టారు. టైలరు విజిలు వేశాడు. అన్న స్టెబిలైజరు వదలకుండానే నవ్వుతున్నాడు. వదిన నా భుజం మీద తల పెట్టి, ఊపిరి ఆడనట్టు నవ్వుతూ ఉంది. ఆమె అలా నవ్వడం నేను అంతకు ముందు చూడలేదు.

ఇంజినీరు తన డైరీలో ఆ పదవి, మేం తెచ్చుకున్న మార్కులు రాసుకున్నాడు. ఆ రెండు బేసుల దగ్గర ఏమి లెక్క వేసిందో చెప్పమని వదినను రెండుసార్లు అడిగాడు. ఆమె సిగ్గుపడుతూనే సుద్దముక్క తీసుకుని నేల మీద గీసి చూపించింది. ఆయన నేల మీద కూర్చుని విన్నాడు. ఆ తర్వాత భార్యను, పిల్లను, సంచిని తీసుకుని బస్టాండుకు వెళ్లిపోయాడు.

మాకు ఏడవాలనిపించలేదు. ఒంట్లో ఇంకా ఆ వేగం తిరుగుతూనే ఉంది. ఇంట్లో కూర్చోలేక ఇద్దరం సాయంత్రం ఊరంతా నడిచాం. పనేమీ లేకుండా నేనూ వదినా కలిసి బయటికి పోవడం అదే మొదలు. అంగడి దగ్గర వేడివేడి బజ్జీలు తింటూ, హరూర్‌ను కూడా కాపాడే దారి ఉండేదా లేదా అని గట్టిగా వాదించుకున్నాం. ఉండేదని నేను, లేదని ఆమె. పక్కన తింటున్నాయన హరూర్‌లో ఏమి గలాటా అని భయంగా అడిగాడు.

మరునాడు పొద్దున ఆరు గంటల బ్యాచికి మేడ తలుపు తీసేసరికి వదిన మెట్ల మీద కూర్చుని ఉంది. తలస్నానం చేసి, కొత్త నోటుపుస్తకం పట్టుకుని. మూడక్షరాలు వచ్చినాయి కదా, తక్కినవి కూడా నేర్పించమంది. పొద్దున వంట ఎలా అని అడగబోయాను. మీ అన్న ఇడ్లీలకు నీళ్లు పెట్టినాడు అని ఆమే చెప్పింది. కిటికీ పక్క మిషన్ దగ్గర కూర్చోబెట్టి కాగితం ఎక్కించాను.

లోయరు పరీక్షలో మొదటిసారి తప్పింది. వేగం చాలలేదు. రెండోసారి పాసైంది. మరి రెండేళ్లకు నాకు హోసూరులో కంప్యూటరు మీద పని దొరికింది. ఇంటర్వ్యూలో బటన్లు చూడకుండా కొడతానంటే వాళ్లు నమ్మక, గుడ్డతో నా చేతులు కప్పి కొట్టించారు. నేను పోయేటప్పుడు ఇన్‌స్టిట్యూట్ తాళంచెవి వదినకు ఇచ్చాను. ఆమె దాన్ని పదకొండేళ్లు నడిపింది. ఏడు మిషన్లను పన్నెండు చేసింది. నేను చేయని పని ఒకటి చేసింది. ఐదో తరగతితో ఆగిపోయిన ఆడవాళ్లకని మధ్యాహ్నం రెండు గంటలకు వేరే బ్యాచి పెట్టింది. నేను సెలవుకు వెళ్లినప్పుడు చూస్తే ఆ బ్యాచిలో ఒక్క మిషనూ ఖాళీగా లేదు. గోడకు ఆనుకుని ఇద్దరు తమ వంతు కోసం నిలబడి ఉన్నారు.